నల్లద్దాల బడి

ఆ ఊళ్ళో కారు నేర్పే స్కూళ్ళు రెండు. ఒకటి బస్టాండు ఎదురుగా ఉంటుంది. దానికి ఆరు కొత్త కార్లు, ఫ్యాను తిరిగే గది, గోడ నిండా ట్రాఫిక్ గుర్తుల పటాలు. కుర్రకారంతా అక్కడికే పోతుంది. రెండోది మాస్టారిది. దానికి గది లేదు, పటాలు లేవు, ఉన్న బోర్డు కూడా అరచెయ్యంతే. ఉన్నదల్లా ఒక్క కారు. ఆ కారు నాలుగు తలుపుల అద్దాలకీ, వెనకద్దానికీ నల్ల ఫిల్ము అంటించి ఉంటుంది. ఎంత నలుపంటే, పక్కన నిలబడి అద్దానికి ముక్కు ఆనించి చూసినా మన ముక్కే మనకి కనిపిస్తుంది.

ఆ నలుపే ఆ బడికి పెట్టుబడి. నలభై దాటాక కారు నేర్చుకోవడమంత నామర్దా పని ఇంకోటి లేదు. ఇరవై ఏళ్ళవాడు నడిరోడ్డు మీద బండి ఆపేసుకుంటే వెనకవాళ్ళు రెండు హారన్లు కొట్టి ఊరుకుంటారు. యాభై ఏళ్ళవాడు ఆపేసుకుంటే ఊరు వారం రోజులు చెప్పుకుంటుంది. అందుకని వయసు మళ్ళినవాళ్ళు, పరువున్నవాళ్ళు, పరువుందనుకునేవాళ్ళు మాస్టారి దగ్గరికి వచ్చేవారు. సామిల్లు వెనక సందులో కారు ఆగేది. ఏదో పనిమీద పోతున్నట్టు చేతిలో సంచి పట్టుకుని నడిచొచ్చి, అటూ ఇటూ చూసి, చటుక్కున తలుపు తీసుకుని ఎక్కేవారు. ఒకరి పాఠానికీ ఇంకొకరి పాఠానికీ మధ్య పావుగంట ఖాళీ ఉండేది. దిగేవాళ్ళూ ఎక్కేవాళ్ళూ ఒకరి మొహం ఒకరు చూసుకోకూడదు గదా.

ప్రస్తుతం ఆ బడిలో ఏడుగురు ఉన్నారు. వాళ్ళలో ఇద్దరి సంగతి చెబితే చాలు. ఉదయం ఆరున్నరకి వచ్చేది లారీల ఆసామి. పదకొండు లారీలున్నాయి గానీ, క్లచ్ ఏ కాలితో తొక్కాలో మొన్నటిదాకా తెలియదు. ఈ సంగతి తన డ్రైవర్ల చెవిన పడితే ఇక తన మాటకి పూచికపుల్లపాటి విలువ ఉండదని ఆయన భయం. పదకొండింటికి వచ్చేది పెద్దటీచరుగారు. ముప్ఫై నాలుగేళ్ళు ఊరి హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఊళ్ళో సగం మంది చెవులు ఆవిడ చేతిలో ఎర్రబడినవే. భర్తకి మోకాళ్ళు పోయాక, ఆస్పత్రికి తీసుకెళ్ళమని అల్లుణ్ణి ప్రతిసారీ బతిమాలడం ఆవిడకి నచ్చలేదు.

"చల్లకొచ్చి ముంత దాచడమెందుకు మాస్టారూ, నాకు అరవై రెండేళ్ళు. నేర్పగలరా, లేదా?" అని అడిగారు మొదటి రోజే.

"నేర్పడం నా వంతు. మిమ్మల్నెవరూ చూడకుండా కాయడం నా కారు వంతు," అన్నారు మాస్టారు గర్వంగా.

ఆ మాటలో ఒక అబద్ధం ఉంది. ఆ ఫిల్ము ఆయన విద్యార్థుల కోసం అంటించలేదు. తన కోసం అంటించుకున్నారు.

మాస్టారు అంతకుముందు పందొమ్మిదేళ్ళు టౌను బస్సు నడిపారు. కోడిపిల్లని కూడా తొక్కించని డ్రైవరని పేరు. అలాంటి మనిషి, పెద్దాఫీసరు డిపో చూడటానికి వచ్చిన రోజున, సిబ్బంది అంతా బారులు తీరి నిలబడి ఉండగా, బస్సుని వెనక్కి తీస్తూ తీస్తూ డిపో ప్రహరీగోడ మీదకి తీసుకుపోయారు. గోడ పడింది. గోడ మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాసిన 'జాగ్రత్తే మా బాట' పడింది. పక్కన ఆఫీసరుగారి కోసం వేసిన కుర్చీ పడింది, అదృష్టం బాగుండి అప్పటికి అందులో ఆఫీసరుగారు లేరు. ఎవరికీ దెబ్బ తగల్లేదు గనక అందరికీ నవ్వడానికి వీలు చిక్కింది. ఆఫీసరు తిట్టి ఉంటే మాస్టారు తట్టుకునేవారు. ఆఫీసరు కూడా నవ్వాడు. సాయంత్రానికల్లా ఆయన పేరు 'గోడ' అయింది. కండక్టర్లు గోడన్నా అని పిలిచారు, ప్రయాణికులు గోడ బస్సు ఎన్నింటికని అడిగారు. పన్నెండో రోజున రాజీనామా కాగితం ఇచ్చేశారు. ఉద్యోగంలోంచి ఆయన్ని ఎవరూ తియ్యలేదు, నవ్వు తీసింది.

ఆ మీదట పాత కారొకటి కొని, నల్ల ఫిల్ము వేయించి, జాగ్రత్తగా పరీక్షించుకున్నారు. కుడి పక్క ముక్కు ఆనించి చూశారు. ఎడమ పక్క చూశారు. వెనక నుంచి చేతులు అడ్డం పెట్టుకుని మరీ చూశారు. ఏమీ కనపడలేదు. చాలా రోజుల తర్వాత ఆయనకి సుఖంగా ఊపిరి ఆడింది. అప్పట్నుంచి తొమ్మిదేళ్ళు ఊరి నడిబొడ్డున తిరుగుతూనే ఊరి కంటపడకుండా బతికారు. బజారు పనులన్నీ భార్యవి. ఫిల్ము ఉంటే బడి ఉంటుంది, బడి ఉంటే దాక్కోవడానికి చోటు ఉంటుంది. ఇంకేమీ కోరని మనిషి.

అలాంటి మనిషికి కారు ఫిట్‌నెస్ పరీక్ష వచ్చిపడింది. అది ఏటా ఉండేదే. ఇన్నేళ్ళూ ఒక పెద్దాయన చేసేవాడు. టైరుని కాలితో ఒక తన్ను తన్ని, హారన్ కొట్టించుకుని, ముద్ర వేసేవాడు. ఈ ఏడు ఆయన రిటైరైపోయాడు. ఆయన చోట్లో ముప్ఫై ఏళ్ళ అమ్మాయి వచ్చింది, అమ్మాయితో పాటు ఒక మీటరు వచ్చింది. సబ్బుపెట్టెంత ఉంటుంది, రెండు ముక్కలు. ఒక ముక్క అద్దానికి బయటా ఒక ముక్క లోపలా పెట్టి మీట నొక్కితే అంకె చూపిస్తుంది. వారం తిరక్కుండానే ఆ అమ్మాయికి మీటరమ్మ అని పేరు పడింది.

తనిఖీ షెడ్డులో కారు బ్రేకుల్ని రోలర్ల మీద తిప్పి చూశారు. లైట్లు, పొగ, స్టీరింగు, అన్నీ అయ్యాయి. మీటరమ్మ ముందు తలుపు అద్దానికి మీటరు తగిలించింది.

"పదకొండు," అంది.

"పదకొండేమిటమ్మా?" అన్నారు మాస్టారు.

"బయట వంద పాళ్ళ వెలుగుంటే మీ అద్దం పదకొండు పాళ్ళే లోపలికి రానిస్తోంది. ముందు తలుపులకి డెబ్బై ఉండాలి. వెనకవాటికి యాభై."

"బ్రేకులు చూశారా?"

"చూశాను సార్. ఈ నెలలో ఇంత మంచి బ్రేకులు చూళ్ళేదు."

"రెండు జతలమ్మా! నా కాలి కిందొకటి, నేర్చుకునేవాళ్ళ కాలి కిందొకటి."

"రెండూ పాసే. అద్దాలు ఫెయిలు. పదిహేను రోజుల టైముంది, ఫిల్ము తీసేసి తీసుకురండి. లేకపోతే బండి రోడ్డెక్కకూడదు." కాగితం నింపి చేతికిచ్చింది.

"కాస్త చూసీ చూడనట్టు పోతే..."

"చూడ్డానికే సార్ నాకు జీతమిస్తున్నారు," అంది మీటరమ్మ, కోపమేమీ లేకుండా.

మర్నాడు ఆరున్నరకి ఈ కబురు వింటూ వింటూ లారీల ఆసామి క్లచ్ మీంచి కాలు తీసేశాడు. బండి ఒక్క గెంతు గెంతి ఆగిపోయింది.

"ఫిల్ము లేకపోతే నేనెలా రాను? మా డ్రైవర్లు చూస్తే ఇంకేమైనా ఉందా!" అన్నాడు. కాసేపు ఆలోచించి గొంతు తగ్గించాడు. "రూల్సులో ఒక సందుంది మాస్టారూ. ఎండ గిట్టని చర్మరోగం ఉన్నవాళ్ళు ఫిల్ము పెట్టుకోవచ్చు. నాకు తెలిసిన డాక్టరున్నాడు, కాగితం నే తెప్పిస్తా."

పదకొండు లారీలు తిప్పేవాడికి రూల్సులో సందులు తెలియకపోతే రోజు గడవదు. మూడు రోజుల్లో కాగితం వచ్చింది. అందులో మాస్టారికి ఉన్న రోగం పేరు రాయడానికి రెండు లైన్లు పట్టాయి. మాస్టారు దాన్ని నాలుగుసార్లు చదివారు. నాలుగోసారికి నిజంగానే ఒళ్ళు దురదపెట్టడం మొదలైంది. గోక్కుంటూనే షెడ్డుకి వెళ్ళారు.

మీటరమ్మ కాగితం మొదలు నుంచి చివరిదాకా చదివింది.

"ఎన్నాళ్ళ నుంచి సార్ ఈ జబ్బు?"

"పుట్టుకతోనే అమ్మా. ఎండ తగిలితే బొబ్బలే."

"ఇంతకుముందేం చేసేవారు?"

అబద్ధం ఆడటం కూడా ఒక విద్యే, అభ్యాసం లేనివాళ్ళకి రెండో ప్రశ్న దగ్గరే బండి ఆగిపోతుంది. "టౌను బస్సు నడిపేవాణ్ణి," అనేశారు మాస్టారు.

మీటరమ్మ ఆయన చేతుల వంక చూసింది. పందొమ్మిదేళ్ళు కిటికీ అంచు మీద ఆనించి నడిపిన చెయ్యి మాడిన రొట్టె రంగులో ఉంది. రెండో చెయ్యి మామూలుగా ఉంది. రెండూ ఒకే మనిషివంటే నమ్మడం కష్టం.

"రెండు చేతులూ ఒకసారి బల్ల మీద పెట్టండి సార్."

పెట్టారు.

"బొబ్బలు ఏ చేతికి?"

మాస్టారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. దురద దానంతటదే తగ్గిపోయింది.

ఇక వేరే దారి లేదు. ఏడుగురికీ ఫోన్లు చేసి ఉన్న సంగతి చెప్పారు. ఐదుగురు ఏవేవో పనులు గుర్తొచ్చాయన్నారు. లారీల ఆసామి దాపరికం లేకుండా మాట్లాడాడు. "నన్ను మర్చిపోండి మాస్టారూ. ఫిల్ము ఉంటే స్టీరింగు, లేకపోతే ఈ జన్మకి పక్క సీటే," అన్నాడు. పెద్దటీచరుగారు ఒక్కరే "చూద్దాం" అన్నారు. మాస్టారి చెవికి అది కూడా రాననే వినిపించింది.

ఆ వారం రోజులూ ఆయనకి అన్నం సయించలేదు. బడి పోతుందని దిగులు. దానికన్నా పెద్ద దిగులు, ఆ పక్క సీట్లో నలుగురికీ కనపడుతూ కూర్చోవాలని. గోడ వచ్చాడర్రా అంటారు. చిన్నపిల్లలకి చూపించి మరీ చెబుతారు. తలుచుకుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నిజంగానే తిరిగాయి, అందులో అతిశయోక్తి లేదు.

"తీసెయ్యండి. అద్దమే కదా, చర్మం కాదు గదా," అంది భార్య పెరుగు వడ్డిస్తూ.

"నీకు తెలీదులే."

"ఈ ఇంట్లో నాకు తెలీనిదేముంది?" అని ఊరుకుంది ఆవిడ.

పదిహేనో రోజు రానే వచ్చింది. పొద్దున్నే, సందుల్లోంచి సందుల్లోకి తిప్పుకుంటూ, కారుని స్టిక్కర్ల షాపుకి తీసుకెళ్ళారు. తొమ్మిదేళ్ళ కిందట ఫిల్ము అంటించింది ఆ షాపతనే. అతను వేడిగాలి మిషను పెట్టి ఫిల్ముని మెత్తబరిచి, ఒక మూల గోటితో లేపి, చర్రున లాగాడు. ఒక్కో అద్దం తెల్లబడుతుంటే మాస్టారికి నలుగురిలో చొక్కా విప్పుతున్నట్టుంది. మొహం అటు తిప్పుకుని నిలబడ్డారు.

"ఇంక బడి మూసెయ్యడమేనయ్యా. నన్నూ, నేర్చుకునేవాళ్ళనీ ఊరంతా చూస్తుంటే ఎవరొస్తారు?" అన్నారు.

అతను బ్లేడుతో జిగురు గీకుతూ ఓదార్పుగా అన్నాడు. "అలా అనకండి. పెద్దటీచరుగారు ఈమధ్య బాగా మెరుగయ్యారు. మూడో గేరు వేసేటప్పుడు నాలిక బయటపెట్టడం మానేశారు."

మాస్టారు ఇటు తిరిగారు. "ఎవరు?"

"పెద్దటీచరుగారండీ. పదకొండుకి."

"నీకెలా తెలుసు?"

అతను బ్లేడు ఆపాడు. ఈ ప్రశ్నకి జవాబు ఎలా చెబితే మర్యాదగా ఉంటుందో తెలియక, నోటితో చెప్పకుండా కారు ముందద్దం వైపు చెయ్యి చూపించాడు.

ముందద్దానికి ఫిల్ము లేదు. ఏ కారుకీ ఉండదు. ఉంటే రోడ్డు ఎలా కనపడుతుంది? ఇంత చిన్న సంగతి ఆయనకి ఎందుకు తట్టలేదంటే, అది డిపో నేర్పిన చదువు. డిపోలో చేరిన మొదటి రోజే కొత్త డ్రైవరుకి చెబుతారు: బండి ముందు నిలబడకు, ముందు నుంచి దాటకు, ఎవడు గేరులో వదిలి దిగాడో నీకు తెలీదు. వెనక నుంచి చుట్టి వెళ్ళు. ఆ మాట మాస్టారి ఎముకల్లోకి ఇంకిపోయింది. కారు కొన్న రోజు నుంచీ కుడి నుంచి ఎడమకి వెళ్ళాలన్నా వెనక నుంచి చుట్టి వెళ్ళడమే. ఎక్కి కూర్చుంటే మూడు వైపులా గుహలా చీకటి. గుహలో కూర్చున్నవాడికి గుహకి నోరు ఉంటుందని గుర్తు రాదు.

ఇప్పుడు జీవితంలో మొదటిసారి కారు ముందుకి వెళ్ళి నిలబడ్డారు. రెండు సీట్లూ కనిపించాయి. సీటు మీద పరిచిన తువ్వాలు కనిపించింది. తువ్వాలు అంచుకి భార్య వేసిన ఎర్రదారం కుట్టు కూడా కనిపించింది.

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడ్డం లేదనుకుంటుందంటారు. అది ఒక్కపూట పాలు. ఈయన తొమ్మిదేళ్ళు తాగారు, అదీ వందమందికి పైగా జనాన్ని వెంటబెట్టుకుని.

"ఊళ్ళో అందరికీ తెలుసా?" అని అడిగారు.

"అందరికీ అంటే..." షాపతను నిజాయితీగా లెక్కపెట్టుకున్నాడు. "సెలూనాయనకి తెలుసు. ఆరున్నరకి తన బెంచీ లోపల పెట్టుకుంటాడు, లారీల ఆసామి మలుపు కాస్త వెడల్పుగా తీసుకుంటారు గదా. ఆసామి డ్రైవర్లకి తెలుసు, ఆ టైముకి ఈ రోడ్డు మీద లారీ పెట్టరు. టౌను బస్సులవాళ్ళకి తెలుసు. పదకొండింటి బస్సుని ఐదు నిమిషాలు స్టాపులోనే ఆపుతారు, టీచరుగారు చౌరస్తా దాటేదాకా. మీ టైములన్నీ డిపోలో రాసి అంటించారంట."

"డిపోలోనా!"

"మీ ఇంట్లో అమ్మగారికి కూడా తెలుసండీ."

"మరి ఇన్నేళ్ళూ ఒక్కరూ ఏమీ అనలేదేం?"

"ఏమంటామండీ. మీరేమో కనపడకుండా ఉండాలనుకుంటున్నారు. కనపడుతున్నారని మొహం మీద చెబితే ఏం బావుంటుంది?"

మాస్టారు పక్కకి వెళ్ళి భార్యకి ఫోను చేశారు. "కారు ముందద్దం సంగతి నీకు తెలుసా?" అని అడిగారు.

"బజారులో మీ కారు ఎదురైనప్పుడల్లా చెయ్యి ఊపుదామనుకుంటాను. ఊపను," అంది ఆవిడ.

పదకొండు కావస్తోంది. అలవాటు చొప్పున కారు సామిల్లు వెనక సందులో ఆగింది. ఎవరూ రారనుకున్నారు. పెద్దటీచరుగారు వచ్చారు. తెల్లబడ్డ అద్దాలని ఒకసారి తేరిపార చూసి, డ్రైవరు సీట్లో కూర్చుని, బెల్టు పెట్టుకున్నారు.

"ఈరోజు పాఠమేమిటి?"

మాస్టారు ఆలోచించారు. తనిఖీ షెడ్డు ఊరికి ఆ చివర ఉంది. బజారు మధ్యలోంచి పోవాలి. మధ్యాహ్నం లోగా పోవాలి. తన చేత్తో నడుపుకుంటూ ఆ బజారు దాటడం మాత్రం తన వల్ల కాదు.

"బజారు," అన్నారు.

కారు రోడ్డెక్కింది. మాస్టారు పక్క సీట్లో కొంచెం కొంచెంగా కిందికి జారడం మొదలెట్టారు. మందుల షాపు వచ్చేసరికి గడ్డం డాష్‌బోర్డుకి సమానమైంది. సెలూను వచ్చేసరికి బయటివాళ్ళకి ఆయన జుట్టు తప్ప ఇంకేమీ మిగల్లేదు.

"నిటారుగా కూర్చోండి," అన్నారు పెద్దటీచరుగారు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

ముప్ఫై నాలుగేళ్ళు క్లాసుల్ని కూర్చోబెట్టిన గొంతు అది. మాస్టారి వెన్నెముక ఆయన్ని అడక్కుండానే లేచి నిలబడింది.

"టీచరుగారూ, మీకొక సంగతి చెప్పాలి. ఇన్నాళ్ళూ ముందద్దం లోంచి..."

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"మూడో రోజు నుంచి. సెలూనాయన లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. ఉత్త కారుకి ఎవరు పెడతారు నమస్కారం?"

"మరి మీకు సిగ్గనిపించలేదా?"

"రెండో గేరు వెయ్యనివ్వండి," అని, వేసి, అప్పుడు జవాబు చెప్పారు. "బోర్డు మీద లెక్క తప్పు చేసి రెండుసార్లు దొరికిపోయాను. నలభై మంది పిల్లలు పడీ పడీ నవ్వారు. మర్నాడు వెళ్ళి మళ్ళీ ఆ బోర్డు ముందే నిలబడ్డాను. ఇంకెక్కడ నిలబడతాను? అయినా ఆ నల్లద్దాలు మాకోసం కాదని అప్పుడే అర్థమైంది. దాక్కుంటున్నది మీరు. పోనీలే పాపం అని ఊరుకున్నాను."

చౌరస్తా వచ్చింది. ఎదురుగా టౌను బస్సు. ఆ కంగారులో పెద్దటీచరుగారి కాలు జారి, నట్టనడి రోడ్డు మీద బండి ఆగిపోయింది. మాస్టారు కళ్ళు గట్టిగా మూసుకున్నారు. హారన్ల కోసం ఎదురుచూశారు. ఒక్క హారన్ కూడా వినపడలేదు. కళ్ళు తెరిచి చూస్తే బస్సు ఇంజను కూడా ఆపేసి ఉంది. స్టీరింగు వెనక డిపోలో ఆయనతో పదేళ్ళు పనిచేసిన పాత మిత్రుడు. తాపీగా చెయ్యెత్తి, నిదానంగా కానివ్వండి అన్నట్టు సైగ చేశాడు. మాస్టారి చెయ్యి కూడా తెలియకుండానే లేచింది.

పెద్దటీచరుగారు బండి మళ్ళీ స్టార్టు చేసి చౌరస్తా దాటించారు.

"ఆ గోడ పడ్డ రోజు నేను డిపో ఎదురు స్టాపులోనే ఉన్నాను," అన్నారు.

మాస్టారు రోడ్డు వంకే చూస్తూ, "మీరూ నవ్వారా?" అని అడిగారు.

"నవ్వాను. పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను. ఆ కుర్చీ పడిన తీరు అలాంటిది మరి. మర్నాటికి మర్చిపోయాను. తొమ్మిదేళ్ళు గుర్తుపెట్టుకున్నది మీరొక్కరే."

షెడ్డులో మీటరమ్మ అద్దాలకి మీటరు తగిలించింది. ఎనభై రెండు, ఎనభై మూడు, వెనక ఎనభై. ముద్ర వేసి కాగితం ఇచ్చింది.

"ముందద్దం?" అని అడిగారు మాస్టారు, తన నోటితో తానే.

"అది ఎప్పుడూ పాసే సార్. పోయినసారి కాగితంలోనే రాశాను గదా." పాత కాగితం తీసి చూపించింది. మూడో లైనులో, మంచి దస్తూరీతో, ముందద్దం లోంచి లోపలంతా స్పష్టంగా కనిపిస్తోందని రాసి ఉంది. ఫెయిలన్న మాట చూశాక మాస్టారు ఆ కాగితంలో ఇంకేదీ చదవలేదు.

పెద్దటీచరుగారు పక్కన లైసెన్సు కౌంటరు ముందు వరసలో నిలబడ్డారు. "నేను అప్లికేషను పెట్టి బస్సులో వెళ్తాను. మీరు బయల్దేరండి," అన్నారు. మాస్టారు ఏదో అనబోతే, "వెళ్ళండి," అన్నారు ఇంకోసారి. అది మొదటిదానంత పెద్దగా లేదు గానీ, మొదటిదాని కంటే గట్టిగా ఉంది.

ఒంటరిగా, పట్టపగలు, తెల్లద్దాలతో, స్టీరింగు ముందు కూర్చున్నారు మాస్టారు. బండి నత్తనడక నడిచింది. ముందు వంద గజాలు ఎవరి మొహమూ చూడలేదు. తర్వాత చూడక తప్పలేదు, అందరూ పలకరిస్తున్నారు. ఇస్త్రీబండి ఆయన తలూపాడు. మందుల షాపు మెట్ల మీంచి ఎవరో నమస్కారం పెట్టారు. గోడ అనే మాట కోసం ఆయన చెవులు రిక్కించి విన్నారు. ఎక్కడా వినపడలేదు. కొంతమందికి ఆ పేరే తెలియనట్టుంది.

సెలూను ముందుకి వచ్చేసరికి సెలూనాయన గడ్డం గీసే కత్తి చేత్తో పట్టుకుని రోడ్డు మీదకి వచ్చేశాడు. లోపల కుర్చీలో ఎవరో సగం గడ్డంతో, మొహం నిండా నురగతో కూర్చుని ఉన్నారు. మాస్టారు బ్రేకు వేసి అద్దం దించారు. తొమ్మిదేళ్ళుగా దించని అద్దం, కిర్రుకిర్రుమంటూ దిగింది.

"మాస్టారూ, నాకూ నేర్పుతారా?" అన్నాడు సెలూనాయన.

మాస్టారు తెల్లబోయారు. "మీరు రోజూ చూస్తూనే ఉన్నారటగా. ఇన్నేళ్ళూ అడగలేదేం?"

"ఎలా అడగనండీ? మీరు కనపడట్లేదని గదా మనందరం అనుకుంటున్నాం. కనపడని మనిషిని ఆపి ఏమని అడుగుతాం? నేనొక్కణ్ణే కాదు, ఈ వరసలోనే నలుగురున్నారు. ఇస్త్రీబండి ఆయన, మందుల షాపాయన భార్య, ఆవిడ తోటికోడలు..."

ఎవరూ చూడకుండా ఉంటేనే బడి నిలుస్తుందని మాస్టారు తొమ్మిదేళ్ళు కాపలా కాశారు. ఆ తొమ్మిదేళ్ళూ నేర్చుకునేవాళ్ళు రోడ్డు పక్కనే నిలబడి, మర్యాద అడ్డొచ్చి, తలుపు తట్టకుండా ఊరుకున్నారు.

సెలూనాయన అటూ ఇటూ చూసి, కిటికీలోకి వంగి గొంతు తగ్గించాడు. "ఒక్క మాట మాస్టారూ. ఆ ఫిల్ము మళ్ళీ ఏమైనా వేయించే వీలుందా? నేను నడుపుతుంటే అందరూ చూస్తారేమోనని."

మాస్టారు ఆయన వంక చూశారు. పొట్టలో ఎక్కడో మొదలై, గొంతు దాకా వచ్చి, ఆపుకుందామన్నా ఆగకుండా బయటికి వచ్చేసింది నవ్వు. స్టీరింగు మీద వాలిపోయి నవ్వారు. హారన్ మోగింది. మొహం నిండా నురగతో ఉన్న మనిషి తలుపు దగ్గరికి వచ్చి, ఎందుకో తెలియకపోయినా తనూ నవ్వాడు.

"చూస్తారు," అన్నారు మాస్టారు కళ్ళు తుడుచుకుంటూ. "మీరు మమ్మల్ని తొమ్మిదేళ్ళు చూశారు, మాకేమైంది? రేపు ఆరున్నరకి రండి, ఆ టైము ఖాళీగానే ఉంది."

"సామిల్లు వెనక్కేనా?"

"అక్కర్లేదు. నేనే ఇక్కడికి వస్తాను, మీ షాపు ముందుకే," అని, అద్దం ఎత్తకుండానే బండి ముందుకి పోనిచ్చారు.